మొక్క చీటీ మీద రెండో మాట చదవండి

గూడూరు దగ్గర చిన్న నర్సరీ నడుపుతున్నాను. ఒక రైతు శ్రీగంధం మొక్కలు కావాలంటే బయటి నుంచి తెప్పించాను. చీటీ మీద ‘టెరోకార్పస్ శాంటాలినస్’ అని ఉంది. ‘శాంటా’ కనబడగానే గంధమేలే అని దించుకున్నాను. తీరా చూస్తే ఎర్రచందనం! ఆకు చూసినా తెలిసిపోయేది. శ్రీగంధానికి ఒంటి ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. ఎర్రచందనానికి ఒక్కో కాడకు మామూలుగా మూడేసి గుండ్రటి రెబ్బలు. డబ్బు పోయింది, ఆ రైతు దగ్గర మాటా పోయింది. అప్పటి నుంచి ఈ లాటిన్ పేర్లు పట్టుకుని కూర్చున్నాను.

మనం ఇంటిపేరు ముందు రాసి, తర్వాత మనిషి పేరు రాస్తాం కదా. ఇదీ అంతే. మొక్కలకు ఈ రెండు మాటల పద్ధతిని 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరిచాడు. గుణం చెప్పేది ఎక్కువగా రెండో మాటే. శ్రీగంధం ‘శాంటాలమ్ ఆల్బమ్’. ఆల్బమ్ అంటే తెల్లనిది. ‘శాంటాలినస్’ అంటే గంధం లాంటిది అని. లాంటిదే, గంధం కాదు!

పొడుగు మాట వస్తే విరవండి. తాటిచెట్టు ‘బొరాసస్ ఫ్లాబెల్లిఫర్’. ఫ్లాబెల్లమ్ అంటే విసనకర్ర, ఫర్ అంటే మోసేది. విసనకర్రలు మోసే చెట్టు! తాటాకు విసనకర్రతో విసురుకున్న వాళ్లకు ఇంతకంటే చెప్పాలా? మా నిమ్మ ‘సిట్రస్ ఆరాంటిఫోలియా’. ఫోలియా అంటే ఆకులది, నారింజ ఆకుల లాంటి ఆకులున్నది అని అర్థం.

మాట చివర మారితే కంగారు పడొద్దు. గుణవంతుడు, గుణవంతురాలు అన్నట్టే. తెల్లరొయ్య ఇండికస్, మామిడి ఇండికా, నువ్వు ఇండికమ్. మూడూ ‘ఇండియాది’ అనే. చింతచెట్టు ‘టామరిండస్ ఇండికా’. మొదటి మాట ‘అస్’తో ముగిసినా లాటిన్‌లో చెట్లను ఆడపేర్లుగా చూడటం మామూలు, అందుకే ఇండికా.

ఊరి పేరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. చింత పుట్టిల్లు ఆఫ్రికా. మన చెరువుల్లో వేసే వనామీ రొయ్య పేరులోనైతే గుణమే లేదు, అది వాన్ నేమ్ అనే జంతుశాస్త్రవేత్త పేరు.

ఇప్పుడు ప్రతి చీటీ మీద లాటిన్ పేరు రాసి, కిందనే తెలుగులో అర్థం రాస్తున్నాను. శ్రీగంధం సంచిలో పక్కనే ఒక కంది మొక్క కూడా పెడతాను, దాని వేళ్ల నుంచి గంధం కొంత తిండి లాక్కుంటుంది కాబట్టి.