కరెంటు పోతే బిల్లు ఏమవుతుందో ముందే అడగండి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీకో, అనంతపురంలో బుడ్డల వ్యాపారికో సాఫ్ట్‌వేర్ చేసిస్తున్నవాళ్లకు ఒక చిట్కా. బస్తాలు, తూకం, రేటు, హమాలీ కూలి అన్నీ లెక్కేసి రైతుకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ప్రింట్ కావాలి, ఇదంతా ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్, అంటే సాఫ్ట్‌వేర్ ఏ పని చేయాలన్నది, మీరు అడక్కపోయినా యజమాని చెప్తాడు. ఆయన చెప్పనివి నాన్ ఫంక్షనల్, అంటే ఆ పని ఎంత వేగంగా, ఎంత భద్రంగా జరగాలన్నవి. కరెంటు పోతే సగం కొట్టిన బిల్లు ఉంటుందా, నెట్ లేకపోయినా నడవాలా, గుమాస్తా రేటు మారిస్తే ఎవరు మార్చారో తెలియాలా? ఇవి మీరే అడిగి అంకెలతో రాసుకోండి. "ఫాస్ట్‌గా ఉండాలబ్బా" అంటే తలూపి వచ్చేయొద్దు, "పట్టీ 3 సెకన్లలో వస్తే చాలా అన్నా?" అని అడిగి ఒప్పించుకుంటే రేపు టెస్ట్ చేసి చూపించొచ్చు.

ఇక మోడల్, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఏ వరసలో తయారుచేయాలన్న సంగతి. ఏం కావాలో ఆయనకే తేలనప్పుడు వాటర్‌ఫాల్ (రిక్వైర్‌మెంట్లు, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ ఒక దశ ముగిశాకే ఇంకోటి చేసే పద్ధతి) జోలికి పోకండి. 1970లో ఒక పేపర్లో ఆ దశల బొమ్మ గీసిన అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు విన్‌స్టన్ రాయిసే అదే పేపర్లో టెస్టింగ్‌ను చివర్లో పెడితే రిస్క్ అని రాశాడు, మన కాలేజీ నోట్సులో ఆ ముక్క మాత్రం ఎగిరిపోయింది. ముందు ఒక్క పట్టీ స్క్రీన్ చేసి, రద్దీ లేని పూట గుమాస్తా చేతికివ్వండి, ఆయన తిట్టేవన్నీ రాసుకుని తర్వాతి స్క్రీన్ మొదలుపెట్టండి.