అంబాసిడర్ బొమ్మకు చాసిస్: త్రీడీ ప్రింటర్‌తో ఎలా చేయాలి?

అసలు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ (చక్రాలు, మోటారు మోసే అడుగు చట్రం) లేదు. బాడీతోనే అడుగు రేకు కలిసి ఉంటుంది. కానీ మోటారు పెట్టి పరిగెత్తించే బొమ్మకు ఒకటి కావాల్సిందే. ఇంట్లో ప్రింటర్ లేకున్నా ఫర్వాలేదు, హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ (నమూనాలు తయారు చేసుకునే కేంద్రం) లాంటి చోట్ల ఉంటాయి.

ముందు లెక్క. అంబాసిడర్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2,464 మి.మీ. దాన్ని 24తో భాగిస్తే 102.7. అసలు కారులో 24వ వంతు ఉండే మన 1/24 బొమ్మకు ఇదే వీల్‌బేస్. మిగతా కొలతలు మీ దగ్గరున్న బాడీ లోపల కాలిపర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి తీసుకోండి.

తర్వాత సామాను చూసుకోండి. బొమ్మల్లో వాడే 130 మోటారు (25 × 20 × 15 మి.మీ.), 0.5 మాడ్యూల్ (పళ్ల సైజు) గేర్లు రెండు, ఇరుసుకు పాత సైకిల్ స్పోక్. స్పోక్ మందం సుమారు 2 మి.మీ. ఉంటుంది, అయినా కొలవండి.

ఇప్పుడు ఫ్రీక్యాడ్ అనే ఉచిత త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీయండి. అడుగు పలక 2 మి.మీ. మందం చాలు. ఇరుసులు పట్టుకోవడానికి చెవుల్లా నాలుగు నిలువు పలకలు లేపండి. చక్రం వ్యాసం 26 మి.మీ. అనుకుందాం. అడుగు పలక నేలకు 5 మి.మీ. ఎత్తులో ఉండాలంటే, ఇరుసు రంధ్రం పలక అడుగు నుంచి 8 మి.మీ. పైన రావాలి. మోటారుకు 8 పళ్ల గేరు, ఇరుసుకు 40 పళ్లది వేస్తే వాటి కేంద్రాల మధ్య 12 మి.మీ. మోటారు కింద, పెద్ద గేరు కింద పలకకు కిటికీలు వదలండి, లేదంటే రాసుకుంటాయి.

ఇక్కడ ఆగండి. మొత్తం చాసిస్ ప్రింట్ చేయాలని చెయ్యి దురద పెడుతుంది, నాకూ పెట్టింది. గంటలు పోయాక చూస్తే రంధ్రంలో స్పోక్ దూరలేదు. ప్లాస్టిక్‌ కరిగించి పోసే ప్రింటర్‌లో రంధ్రాలు గీసినదానికన్నా కాస్త ఇరుగ్గా వస్తాయి. పడుకున్న రంధ్రమైతే పైకప్పు కూడా కొంచెం వేలాడుతుంది. అందుకే ముందు ఒక్క చెవిని, చాసిస్‌లో నిలబడేలాగే నిలబెట్టి, 2.0 నుంచి 2.4 మి.మీ. వరకు ఐదు రంధ్రాలతో ప్రింట్ చేయండి. స్పోక్ ఎందులో వేలితో తిప్పగానే తిరుగుతుందో అదే మీ ప్రింటర్ కొలత. మోటారు కూర్చునే తొట్టెకూ ఇంతే: ఆ ముక్కే ముందు.

నా రెండో చాసిస్‌కు చెవి మొదట్లో పుటుక్కున విరిగింది. పొరల మధ్య అతుకు బలహీనం మరి. చెవి మొదట్లో చిన్న త్రికోణపు ఆసరా పెట్టాక మళ్లీ విరగలేదు.

ముక్కలన్నీ కుదిరాకే మొత్తం ప్రింట్. పలకను పడుకోబెట్టి, 0.2 మి.మీ. పొరలతో, గోడలు (అంచు చుట్టూ వేసే గీతలు) నాలుగు వేయండి. ప్రింటర్ ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ వద్దు, పీఈటీజీ వాడండి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో కారు అద్దం దగ్గర మరిచిపోయిన నాది అప్పడంలా వంకర తిరిగింది.

బిగించాక అద్దం మీద పెట్టి చూడండి. ఒక చక్రం గాల్లో ఉంటే ముందువైపు ఇరుసు రంధ్రాలను సన్న ఆకురాయితో నిలువుగా అర మిల్లీమీటరు అరగదీయండి. ఇరుసు కాస్త ఊగుతుంది, నాలుగు చక్రాలూ ఆనుతాయి.