చిప్‌బోర్డు బీరువా వంకరపోతే: ఏది సరిచేయొచ్చు, ఏది మార్చాలి

చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే చిప్‌బోర్డుతో, విడి పలకలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే బీరువాలో తలుపు ఒక మూల ముందుకు పొడుచుకొచ్చిందా? తలుపు ఊడదీయకండి. చాలాసార్లు తలుపు తిన్నగానే ఉంటుంది, పెట్టే ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. తలుపులు తెరిచి, ఎగువ ఎడమ మూల నుంచి దిగువ కుడి మూలకు ఒకసారి, ఎగువ కుడి నుంచి దిగువ ఎడమకు ఒకసారి టేపుతో కొలవండి. రెండింటికీ 2-3 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే లోపం పెట్టెదే.

అప్పుడు సామానంతా తీసి, వెనక ఉన్న 3 మి.మీ. పలక మేకులు పీకండి. కొలత ఎక్కువ వచ్చిన వైపు పై మూలను పక్కకు నెట్టి, రెండు కొలతలూ సమానమయ్యాక 100-150 మి.మీ.కి ఒకటి చొప్పున మేకులు కొట్టండి. పెట్టెను నిటారుగా నిలబెట్టేది ఆ పల్చని పలకే. దాన్ని నాలుగు మేకులతో సరిపెడితే ఎంత మంచి హింజ్ (తలుపు బందు) వేసినా తలుపు కుదరదు. తర్వాత రసమట్టం పెట్టి కాళ్లు సరిచేయండి. కాళ్లు లేకపోతే కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టండి. అట్టముక్క తడి పీల్చి నలిగిపోతుంది.

పెట్టె సరిగ్గా ఉన్నా తలుపు కుదరకపోతే, తలుపు పైనుంచి కిందికి దారం బిగువుగా పట్టి మధ్యలో సందు కొలవండి. 1800 మి.మీ. తలుపులో 3 మి.మీ. లోపు వంపును హింజ్ స్క్రూలతో సర్దవచ్చు. కింది మూల ముందుకొస్తుంటే పై హింజ్‌ను 1-2 మి.మీ. బయటికి, కింది హింజ్‌ను అంతే లోపలికి జరిపితే తేడా రెండు మూలలకూ పంచుకుపోతుంది. వంపు 5 మి.మీ. దాటితే బరువులు పెట్టి నొక్కడం వృథా, తలుపు మార్చాల్సిందే. ఎండలో ఆరబెడితే ఎండ తగిలిన వైపు త్వరగా ఆరి, వంపు ఇంకా పెరగవచ్చు.

ఒకవైపే లామినేట్ (పైపొర రేకు) అంటించి రెండోవైపు పచ్చిగా, పొర లేకుండా వదిలేసిన పలకలు ఎక్కువగా వంగుతాయి. గాలిలో తేమ పచ్చివైపు నుంచే లోపలికి పోతుంది, ఆ వైపే సాగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం. కొత్త తలుపు చేయించేటప్పుడు రెండువైపులా ఒకే రకం లామినేట్ ఉన్న 18 మి.మీ. ప్రీలామ్ బోర్డు (పైపొర ముందే అంటించి వచ్చే చిప్‌బోర్డు) అడగండి. దానికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 12823.

అర కుంగడం వేరే సమస్య. చిప్‌బోర్డు మీద బరువు నెలల తరబడి ఉంటే మెల్లగా కుంగుతూనే పోతుంది, బరువు తీసేసినా పూర్తిగా పైకి రాదు. అరను తిరగేసి పెడితే కొంతకాలం సర్దుకుంటుంది. శాశ్వత పరిష్కారం ఆసరాల మధ్య దూరం తగ్గించడం. 900 మి.మీ. దూరాన్ని 600కి తగ్గిస్తే, అవే పుస్తకాలు వరసగా పేర్చినా వంపు ఐదో వంతుకు పడిపోతుంది. 18 బదులు 25 మి.మీ. పలక వేస్తే గట్టిదనం సుమారు 2.7 రెట్లు పెరుగుతుంది. మధ్యలో నిలువు పలక పెట్టడం కుదరకపోతే అర కింద ముందు అంచుకు 20 మి.మీ. మందం, 40 మి.మీ. ఎత్తున్న చెక్క రీపరు నిలబెట్టి జిగురు, స్క్రూలతో బిగించండి. రీపరుకు కిందినుంచి 12 మి.మీ. లోతు గుంట తీసి, 4×40 స్క్రూ (4 మి.మీ. లావు, 40 మి.మీ. పొడవు) 150 మి.మీ.కి ఒకటి వేస్తే అరలోకి 12 మి.మీ. దిగుతుంది. అంతకంటే పొడవు స్క్రూ పైకి పొడుచుకురావచ్చు. లామినేట్ మీద తెల్ల ఫెవికాల్ పట్టదు, కాబట్టి రీపరు ఆనేచోట సాండ్ పేపర్‌తో గీకి లోపలి బోర్డు కనబడనివ్వండి.

ఇక ఉబ్బు. రోజూ ఇల్లు తుడిచే నీళ్లు బీరువా అడుగు అంచుల్లోకి పోతాయి. చెక్కపొట్టును నొక్కి పట్టి ఉంచిన యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తడికి వదిలేస్తుంది, పొట్టు మళ్లీ విచ్చుకుంటుంది. ఆరినా పాత మందానికి రాదు. నీడలో, గాలి తగిలేలా రెండు మూడు వారాలు ఆరనివ్వండి. వేలితో నొక్కితే పొడిగా రాలుతుంటే ఆ పలక పనికిరాదు. గట్టిగా ఉంటే మాస్కు పెట్టుకుని, ఉబ్బినంత మేర చిత్రిక పట్టి లేదా 80 నంబరు సాండ్ పేపర్‌తో దింపండి. పగుళ్లలో ఎపాక్సీ పుట్టీ నింపి, 150 నంబరుతో నునుపు చేసి, ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురుతో 22 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచు మీద అంటించే పట్టీ) అంటించండి. ఈ జిగురును రెండువైపులా రాసి, చేతికి అంటనంత ఆరాక నొక్కాలి. తడిగా ఉండగానే నొక్కితే లోపల బుడగలు నిలిచి, ఉపరితలం ఎగుడుదిగుడవుతుంది.

హింజ్ స్క్రూ రంధ్రం గుల్లబారి, స్క్రూ ఊరికే తిరుగుతుంటే లావు స్క్రూ ఎక్కించకండి, పొట్టు ఇంకా చెదురుతుంది. రంధ్రాన్ని 8 మి.మీ.కి పెంచండి, పలక అవతలికి పోకుండా 13 మి.మీ. లోతులో ఆపండి. 8 మి.మీ. చెక్క డోవెల్‌ను (గుండ్రటి చెక్క మేకును) ఫెవికాల్‌తో దించి, ఒక రాత్రి ఆరనిచ్చి, సమంగా కోసి, 2.5 మి.మీ. రంధ్రం చేసి 3.5×16 స్క్రూ బిగించండి. అడుగు పలకలో రంధ్రాలు చేస్తే, కేబుల్ కోసమైనా పైపు కోసమైనా, తడి లోపలికి పోకుండా కోసిన అంచు చుట్టూ అదేరోజు సిలికాన్ సీలెంట్ రాయండి.