తడి చెత్తను మూట కట్టకండి: ఇంట్లోనే వేరు చేసి ఎరువుగా మార్చుకునే పద్ధతి

మన ఇళ్ల నుంచి చెత్త బండికి చేరేదానిలో దాదాపు సగం తడి చెత్తే: కూరగాయల తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం, చేపల పొలుసులు. ఇది ప్లాస్టిక్ కవరులో మూటగా డంపింగ్ యార్డుకు చేరి, మీద మరింత చెత్త పడి గాలి ఆడకపోతే, ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు దానిని కుళ్లబెట్టి మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. 20 ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే తొక్క గాలి తగిలే చోట కుళ్లితే మీథేన్ చాలా తక్కువగా పుడుతుంది. ఈ పనికంతటికీ కీలకం గాలే.

వేరు చేయవలసింది బండి వచ్చినప్పుడు కాదు, కూరలు తరిగే చోటనే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి ఇల్లూ తడి, పొడి, ప్రమాదకర చెత్తలను విడిగా ఉంచాలన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో వీటికి వరుసగా ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు వాడుతున్నారు. ఆకుపచ్చ డబ్బాలో కవరు వేయకుండా అడుగున పాత న్యూస్ పేపరు పరచండి. పులుసు మిగిలితే వడకట్టి పిప్పి మాత్రమే వేయండి. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా తెగిపోయేలా కత్తిరించకండి. ఆ చిన్న ముక్క తడి చెత్తలో పడితే ఎరువు జల్లించేటప్పుడు కూడా చేతికి దొరకదు.

పెరడు గానీ, మేడ మీద కొంత చోటు గానీ ఉన్నవారు పాత కుండకో డ్రమ్ముకో అడుగునా చుట్టూ రంధ్రాలు చేసి, ఇటుకల మీద నిలబెట్టి, లోపల కొబ్బరి పీచు పరవాలి. తడి చెత్త వేసిన ప్రతిసారీ కనీసం అంతే పరిమాణంలో ఎండుటాకులు కప్పి, మొదట్లో కొంచెం పేడ గానీ పుల్లమజ్జిగ గానీ కలిపి, వారానికి రెండుసార్లు కర్రతో తిరగేయాలి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కుళ్లు వాసన వస్తోందంటే లోపల గాలి ఆడడం లేదన్నమాట, వెంటనే ఎండుటాకులు వేసి కలపండి. మన నెల్లూరు ప్రాంతంలో గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ తొక్కలు ఎక్కువగా పోగవుతాయి కాబట్టి వాటిని సన్నగా తరిగి కొద్దికొద్దిగానే వేయాలి. అక్టోబరు నుంచి వచ్చే వానలకు కుండ మీద రేకు కప్పడం తప్పనిసరి.

నెల్లూరు వంటింట్లో అసలు చిక్కు చేపలు, రొయ్యలతోనే. వీటి తలలు, పేగులు చిన్న కుండలో వేస్తే ఈగలు, కుక్కలు చేరతాయి గనుక, కొబ్బరి చెట్టు మొదలుకు కొంచెం దూరంగా అడుగున్నర లోతు గుంట తీసి, పేడ, ఎండుటాకులు కలిపి పూడ్చడం నా దృష్టిలో మంచి పద్ధతి. గుంటకు చోటు లేకపోతే పేపరులో చుట్టి ఆకుపచ్చ డబ్బాలో వేసి ఆ రోజే బండికి ఇచ్చేయండి.

రెండు మూడు నెలలకు కుండలోది నల్లగా, తొలకరి మట్టి వాసనతో పొడిపొడిగా మారుతుంది. దానిని జల్లించి మూడు వంతుల మట్టిలో ఒక వంతు కలిపి మల్లె, గులాబీ కుండీలకు వాడవచ్చు. జల్లెడలో మిగిలినది కొత్త కుండకు తోడుగా పనికొస్తుంది. ఎరువు చేసుకునే వీలు లేని అపార్ట్‌మెంటు వాళ్లు తడి చెత్తను విడిగా ఇస్తూ, బండిలో మళ్లీ అన్నీ కలిపేస్తుంటే తమ వార్డు పారిశుధ్య కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.