సన్న తీగలు వేశాక బేస్ గరగర

తిరుపతి ఎండకి చేతుల చెమటతో నా బేస్ గిటార్ తీగలు తుప్పు పట్టాయి, ఎలాగూ మారుస్తున్నా కదా, వేళ్లకు సులువుగా ఉంటుందని 45-105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్ తీసేసి సన్నటి 40-100 సెట్ వేశాను, అంతే, మొదటి నాలుగు ఫ్రెట్ల (నెక్, అంటే గిటార్ మెడ మీది లోహపు గీతల) దగ్గర ఒకటే గరగర. తీగల్ని తిట్టుకుంటూ బ్రిడ్జ్ శాడిళ్లు (కింది వైపు తీగలు ఆనే చిన్న దిమ్మెలు) పైకెత్తాను. తప్పు నాదే. సన్న తీగలకి టెన్షన్ తక్కువ, దాంతో నెక్ లోపల తీగల లాగుడుకి ఎదురు నిలిచే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్‌దే పైచేయి అయ్యి నెక్ వెనక్కి వంగింది. అలెన్ కీతో రాడ్‌ను పావు చుట్టు వదులు చేసి రాత్రంతా అలాగే ఉంచాను. పొద్దున మొదటి ఫ్రెట్‌, చివరి ఫ్రెట్‌ నొక్కిపట్టి చూస్తే ఎనిమిదో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు, గరగర లేదు. శాడిళ్లు మళ్లీ దించాను. ఇక శ్రుతి సరిచూసుకోవాలి: 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం ట్యూనర్‌లో ఎక్కువ చూపిస్తే ఆ తీగ శాడిల్‌ను నెక్‌కి దూరంగా వెనక్కి జరపాలి. అన్నిటికన్నా లావైన E తీగ ఒక్కదానికే అరగంట పట్టింది, అమ్మ పెట్టిన కాఫీ చల్లారిపోయింది.