మీటర్ లీడ్స్‌కి మెత్తటి వైర్ చూసి కొనుక్కోవడం ఎలా

మల్టీమీటర్‌తో పాటు వచ్చే లీడ్స్, అంటే చివర ప్రోబ్ (తాకించే మొన) ఉన్న ఎరుపు, నలుపు వైర్లు, కొన్నాళ్ళకి ప్లగ్ మెడ దగ్గర తెగిపోతాయి, అప్పుడు ఇంట్లో వైరింగ్‌కి తెచ్చి మిగిలిన ముక్క ఏదో తీసుకుని అతికించేస్తాం. ఒడిశాలోని సెమిలిగూడలో రిపేర్ బల్ల పెట్టుకున్న కొత్తలో నేనూ అదే చేశా. మన కొరాపుట్ చలి తెలుసు కదా, జనవరి పొద్దున్నే ఆ పీవీసీ వైర్ కట్టెలా బిగుసుకుపోయేది, ప్రోబ్ ఇటు లాగితే మీటర్ బల్ల మీంచి జారి పడేది. పీవీసీ చల్లబడితే గట్టిపడుతుంది, అదే సిలికాన్ రబ్బరు తొడుగైతే అంత చలిలో కూడా మెత్తగానే ఉంటుంది, పైగా 200 డిగ్రీల వరకు వేడి తట్టుకుంటుంది, సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలినా కరిగిపోదు.

కానీ తొడుగొక్కటే చూస్తే సరిపోదు, లోపల పోగులు లెక్కపెట్టాలి. మామూలు 0.75 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ వైర్‌లో 0.2 ఎంఎం పోగులు 24 ఉంటాయి. డ్రోన్లు, ఆర్‌సీ కార్ల బ్యాటరీలకి వాడే 18 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైర్ లావు) సిలికాన్ వైర్‌లో దాదాపు అంతే రాగిని 0.08 ఎంఎం పోగులు 150గా చేసి పెడతారు. పోగు ఎంత సన్నగా ఉంటే వైర్ అంత బాగా వంగుతుంది, ఎన్నిసార్లు వంచినా తొందరగా తెగదు. మన దగ్గర ఈ వైర్ దొరకడం కష్టం, నేనైతే కిరండూల్ రైలు బండిలో విశాఖ వెళ్ళినప్పుడు నాలుగైదు మీటర్లు తెచ్చి పెట్టుకుంటా.

కొనేటప్పుడు చివర కత్తిరించి చూడండి. పోగుని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా ఉందంటే అది అల్యూమినియం మీద రాగి పూత, తీసుకోవద్దు. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, అది మంచిదే.

వోల్టేజ్ చూసుకోడానికి 18 గేజ్ చాలు, ఇంకా సన్నది కూడా పర్లేదు. పవర్ సప్లై నుంచి కరెంట్ లాగేటప్పుడే తేడా తెలుస్తుంది, 0.75 స్క్వేర్ రాగికి మీటరుకి 23 మిల్లీఓమ్స్ దాకా ఉంటుంది, ఎరుపు ఒక మీటరు నలుపు ఒక మీటరు కలిపితే 46, దాంట్లో 10 ఆంప్స్ పంపిస్తే దాదాపు అర వోల్టు వైర్‌లోనే పోతుంది. 5 వోల్టుల బోర్డుకి అది చిన్న నష్టం కాదు, అలాంటి పనికి 14 గేజ్ పెట్టండి, లేదా పొడవు తగ్గించండి.

సిలికాన్‌కి ఒక బలహీనత ఉంది, పదునైన అంచు తగిలితే ఇట్టే చీరుతుంది. అందుకే దయచేసి వినండి, ఇన్వర్టర్, కరెంట్ లైన్ మీద చేసే పనికి మనం కట్టుకున్న లీడ్స్ వాడొద్దు, క్యాట్ 3 (కరెంట్ లైన్ పనికి తగిన భద్రతా తరగతి) అని, ఎన్ని వోల్టులకో దాని పక్కనే ముద్రించి ఉన్న రెడీమేడ్ లీడ్సే కొనండి. లోపల ఇంకో రంగు పొర ఉన్నవి దొరికితే మరీ మంచిది, పైపొర అరిగితే ఆ రంగు బయటపడుతుంది, వెంటనే పారేయొచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి హై వోల్టేజ్‌కి మాత్రం ఈ లీడ్స్ ఏవీ పనికిరావు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి.

ప్లగ్‌కి సోల్డర్ చేసేటప్పుడు సీసం ఎక్కువ పెడితే పోగుల మధ్యలోంచి తొడుగు కిందకి పాకిపోతుంది, అక్కడ వైర్ సూదిలా గట్టిపడుతుంది, సరిగ్గా ఆ గట్టి ముక్క చివరే తెగేది. కొంచెం సీసంతో తొందరగా ముగించి, ఆ చోటు దాటి రెండు సెంటీమీటర్లు హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి. అయ్యాక రెండు ప్రోబ్‌లూ కలిపి పట్టుకుని 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి, వైర్‌ని ప్లగ్ దగ్గర అటూ ఇటూ వంచుతూ చూడండి, అంకె కదలకుండా ఉంటే లీడ్ బాగున్నట్టు, గెంతితే ఆ కొస కత్తిరించి మళ్ళీ అతికించుకోవాలి.