ఊరి చుట్టూ నడకలు – 3వ పాఠం: గట్టు పట్టుకుని వెళ్లి రావడం

వంద మీటర్లకు మీకు ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టమని గత పాఠంలో పని ఇచ్చాను. పెద్దవాళ్లలో చాలామందికి అది 125కీ 150కీ మధ్య వస్తుంది. కుడికాలు ఒక్కటే లెక్కపెట్టుకునేవాళ్లకి అందులో సగం. మీ అంకె ఏదైనా సరే, నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి, ఈరోజు దాంతో పనుంది. గడ్డి ఏపుగా పెరిగిన గట్టు మీద నాలుగైదు అడుగులు ఎక్కువే పడతాయి, కంగారు పడక్కర్లేదు.

ఈసారి ఊరు దాటి బయటికి వెళదాం. ఒడిశా గంజాం జిల్లాలో బరంపురం, హింజిలి, ఆస్కా, ఛత్రపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న మన తెలుగువాళ్లకి ఋషికుల్య నది కాలువలు పెద్ద వరం. ఒడియావాళ్లు ‘నఅంక’ అని చెప్పుకునే 1866 నాటి కరువు గంజాంని కూడా ఊడ్చేసింది. అప్పట్లో ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ కరువు తరవాత, 19వ శతాబ్దం చివరి భాగంలో, భంజనగరం దగ్గరా సొరొడా దగ్గరా జలాశయాలు కట్టి, ఋషికుల్య మీద జానివిల్లి ఆనకట్ట నుంచి కాలువలు తవ్వారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మనం అటు వెళ్లాం. కాలువ మాత్రం ఆ పొలాలకే, ఆ ఊళ్లకే నీళ్లిస్తూ ఉంది. కరువు నుంచి కాపాడడానికి తవ్విన ఆ గట్ల మీద నడుస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే బాగుంటుందని నా కోరిక.

కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్లని ముందు అడవికో కొండకో పంపకుండా కాలువకే ఎందుకు పంపుతానంటే, కాలువ పల్లాన్ని వెతుక్కుంటూ చాలా నెమ్మదిగా దిగుతుంది. కిలోమీటరుకి జానెడు, మహా అయితే మూరెడు. అందుకే గట్టు మీద ఎక్కుడూ దిగుడూ తెలియదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా గంటసేపు హాయిగా నడవగలరు. గంటకి నాలుగు కిలోమీటర్లు అనుకుంటే చాలు, అంతకన్నా తొందరపడొద్దు. ఇంకో కారణం ఇంకా ముఖ్యం. కాలువ దగ్గర నాలుగు గుర్తులు తెలిస్తే దారి తప్పడం చాలా కష్టం. ఫోన్‌లో సిగ్నల్ పోయినా టెన్షన్ ఉండదు. ఆ గుర్తులే ఈరోజు పాఠం.

మొదట నీరు ఎటు పారుతోందో తేల్చుకోండి. జులై నుంచి నవంబరు దాకా కాలువ నిండుగా ఉన్నప్పుడు ఇది చంటిపిల్లలు కూడా చెబుతారు. ఎండాకాలంలో కాలువ ఎండి ఉన్నప్పుడు మాత్రం కాస్త చూడాలి. వంతెన దగ్గరికి వెళ్లి కింద స్తంభాల్ని చూడండి. ఎగువ వైపున చెత్త, అరటి దొప్పలు, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉంటాయి. దిగువ వైపున నీటి ఉరవడికి నేల కోసుకుపోయి గుంట పడి ఉంటుంది. ఇంకో గుర్తు: పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ చీలే చోట, అది చాలావరకు దిగువకే ఒరిగి చీలుతుంది. పైగా దిగువకు పోయేకొద్దీ, తూము తూముకీ నీళ్లు పంచుకుంటూ పోతుంది కాబట్టి కాలువ సన్నబడుతుంది. ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా మీ లెక్క సరైనదే.

తరవాత, పొలాలు ఏ పక్కన ఉన్నాయో చూడండి. మన పాత కాలువలు చాలావరకు మెరక అంచునే వంపులు తిరుగుతూ పోతాయి. ఒక పక్క గుట్టలు, మెట్ట, తోటలు ఉంటాయి. ఇంకో పక్క పల్లం, వరి, చెరకు, ఊరు. తూములన్నీ పల్లం వైపే ఉంటాయి, నీరు పైకి ఎక్కదు కదా. అంటే, మీరు పల్లం వైపు ఎంత దూరం దిగినా, వెనక్కి మెరక వైపు నడుస్తూ వస్తే ఎప్పటికైనా కాలువ తగలక తప్పదు. ఇది బాగా మనసులో పెట్టుకోండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు అసలు మెళకువ. గట్టు మీద నడుస్తూ ఒక వంతెన దగ్గర దిగి, పొలాల మధ్యనుంచి ముప్పావు కిలోమీటరు దూరంలో ఉన్న మామిడి తోపుకి వెళ్లారనుకుందాం. కాసేపు కూర్చున్నారు, తిరిగి రావాలి. వచ్చిన దారినే వద్దామంటే, నవంబరులో వరి నడుము దాకా ఉంటుంది, పొలం గట్లు వంకర టింకరగా ఉంటాయి, మధ్యలో చెరకు తోట అడ్డొస్తే అవతల ఏముందో కనబడదు. డిసెంబరు, జనవరి పొద్దుటి మంచులో అయితే వంతెన అసలు కనిపించదు. సూటిగా వంతెనకే గురిపెట్టి నడిస్తే ఏమవుతుందంటే, ఒక పది పదిహేను డిగ్రీలు అటో ఇటో పోయి, గట్టు మీదికి చేరేసరికి వంతెన కనబడదు. ఎడమకి ఉందా, కుడికి ఉందా? ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. చాలామంది ఇక్కడే అటొక పావు కిలోమీటరు, ఇటొక పావు కిలోమీటరు తిరిగి అలిసిపోతారు.

అందుకని కావాలనే పక్కకి గురి పెట్టాలి. మొదట వంతెన దగ్గర, దిగేముందే, నీరు పారే వైపు ముఖం పెట్టి నిలబడండి. పొలాలు మీ కుడిచేతి వైపు ఉన్నాయనుకోండి. తోపు నుంచి వెనక్కి వచ్చేటప్పుడు, వంతెన ఉండాల్సిన చోటుకన్నా ఓ రెండు వందల మీటర్లు ఎడమకి, అంటే ఎగువకి, ఒరిగి నడవండి. గట్టు ఎక్కగానే వంతెన కనబడకపోయినా పర్వాలేదు. మీరు ఎగువన ఉన్నారని మీకు తెలుసు. కుడికి తిరిగి నీటితోపాటు నడవండి. మీ అడుగుల లెక్క ఇక్కడ పనికొస్తుంది. రెండు వందల మీటర్లకి నా లెక్కలో 270 అడుగులు. మీది రెండింతలు చేసుకోండి. ఆ లోపే, లేదా మహా అయితే దానికి రెండింతల్లోపే వంతెన వస్తుంది. పొలాలు ఎడమ పక్క ఉన్న కాలువ అయితే కుడి ఎడమలు తారుమారు చేసుకోండి, అంతే.

ఇది ఒకటికి రెండుసార్లు చదివితే అర్థమవుతుంది. ఒక్కసారి చేస్తే ఇక మరిచిపోరు. సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాళ్లు కూడా చీకట్లో రేవుకి ఒక పక్కగా తీరం పట్టుకుని, అక్కడినుంచి తీరం వెంటే రేవుకి వస్తారు. అదీ ఇదే పద్ధతి.

ఇక గట్టు మీద మర్యాదల గురించి. తెల్లారుజామున గట్టు ఊరివాళ్ల అవసరాలది, కాబట్టి పొద్దెక్కాక బయలుదేరండి. స్నానాల రేవుల్లో ఆడవాళ్లు ఉంటే గట్టు దిగి పొలం వైపునుంచి చుట్టి వెళ్లండి, ఫోటోలు తీయకండి. ఎవరైనా ఎదురైతే ముందు మీరే పలకరించండి. ఒడియాలో ‘భాయినా’ (అన్నా), ‘మౌసా’ (బాబాయ్) అంటే చాలు, దారి చెప్పడమే కాదు, ఆ పూట ఏ గట్టు జారుడుగా ఉందో కూడా చెబుతారు.

సిమెంటు పూత ఉన్న కాలువలో పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. పాకుడు పట్టిన ఆ ఏటవాలు గోడ మీద పెద్దవాళ్లకే పట్టు దొరకదు, జారితే ఎక్కి రాలేరు. షట్టర్ల మీది సన్నటి బల్ల మీదుగా అవతలికి దాటొద్దు, వంతెన దాకా నడవండి. గడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో నేల తట్టండి. రక్తపింజరి కదలకుండా పడుకుని ఉంటుంది, కనబడదు. అక్టోబరు మనకి తుఫాను నెల. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరులోనే. పెద్ద వాన పడ్డాక నాలుగు రోజులు గట్టు జోలికి పోకండి. నానిన మట్టిగట్టుకి ఎక్కడ గండి పడుతుందో పైనుంచి చూస్తే తెలియదు.

పొద్దు సంగతి కూడా. డిసెంబరులో బరంపురంలో సాయంత్రం ఐదుంపావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు, హైదరాబాద్‌కన్నా దాదాపు అరగంట ముందు. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చే పిల్లలకి ఇది అలవాటుండదు. మూడున్నరకి బయలుదేరితే నాలుగుంపావుకల్లా వెనక్కి తిరగాలి.

ఛత్రపురం, చికిటి వైపు వాళ్లు జులై నుంచి సెప్టెంబరు దాకా ఒక్కసారైనా మొగలి పొదలున్న గట్టు మీద నడవండి. గంజాం మొగలి పువ్వుకి భౌగోళిక గుర్తింపు ఉందని వినే ఉంటారు. వాసన మగ పువ్వులకే. కోసేవాళ్లు పొద్దున్నే వచ్చి, పొడవాటి కర్రకి కట్టిన కొక్కెంతో పువ్వుని లాగి, ఎండ ముదరకముందే అత్తరు తీసే భట్టీకి పంపేస్తారు. ఆకుని దగ్గరగా చూడండి. రెండు అంచుల మీదా ముళ్లుంటాయి, అవి అందరూ చూస్తారు. ఆకు తిరగేస్తే నడి ఈనె మీద ఇంకో ముళ్ల వరస ఉంటుంది. చేత్తో పట్టుకుని పక్కకి తొలగిద్దామనుకున్నవాళ్లని గీసేది అదే. చొక్కా చేతులు కిందికి దించుకుని, పొదకి మూరెడు దూరంగా నడవండి.

ఆస్కా దాటి బలిపదర్, భేట్నై వైపు వెళ్లగలిగినవాళ్లకి ఇంకో భాగ్యం ఉంది. అక్కడ కృష్ణజింకలు పొలాల్లోనే మేస్తాయి. అవి ఉన్న చోట వానలు బాగా పడతాయని ఆ ఊళ్లవాళ్ల నమ్మకం, అందుకే పంట తిన్నా వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. నల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములతో కనబడేది ముదురు మగది. లేత గోధుమ రంగువి ఆడవి, పిల్లలు. కుక్కని వెంట తీసుకెళ్లకండి. మంద తలలెత్తి మీ వైపు చూసిందంటే మీరు చాలా దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగి, అవి మళ్లీ మేత మొదలుపెట్టేదాకా కదలకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే చోట్లకి మాత్రం తెల్లవారుజామునా చీకటిపడ్డాకా వెళ్లొద్దు, ఎలుగుబంట్లు వాటికోసం వస్తాయి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు కాలువ దగ్గర్లో లేనివాళ్లు పెద్ద చెరువు గట్టు మీద ఈ పాఠం సగం నేర్చుకోవచ్చు. చెరువుకీ తూములుంటాయి, తూము కింద పల్లం ఉంటుంది, పొలం నుంచి మెరకకి వస్తే గట్టు తగులుతుంది.

ఈ వారం పని: ఒక వంతెన దగ్గర మొదలుపెట్టి, దిగువకి కిలోమీటరు నడవండి. తూము వచ్చినప్పుడల్లా వంతెన నుంచి ఎన్ని అడుగులు వచ్చారో రాసుకోండి. ఇంటికొచ్చాక ఒక పేజీలో కాలువని గీతగా గీసి, నీరు పారే వైపు బాణం గుర్తు పెట్టి, తూముల్ని వాటి దూరాల్లో గుర్తించండి. రెండో రోజు పొలంలోకి దిగి, పక్కకి గురిపెట్టి వెనక్కి వచ్చి, మీరు గట్టు ఎక్కిన చోటుని అదే పటంలో ఒక చుక్కతో చూపించండి. వంతెనకి ఆ చుక్క ఎంత దూరంలో పడిందో, అనుకున్న పక్కనే పడిందో లేదో చూసుకోండి. ఆ పేజీ దాచుకోండి. నాలుగో పాఠంలో గట్టుకి రెండో పక్క, మెరక వైపు, జీడితోటలోకి వెళతాం. అక్కడ నీడను చూసి దిక్కు పట్టుకోవడం ఆ పటం మీదే నేర్చుకుంటాం.